సుప్రీంకోర్టు 2022 ఉత్తర్వు తర్వాత పీటా చట్టంలో నిజంగా మారిందేమిటి? సెక్షన్లవారీగా చెప్పగలరా

తులసివనం:

వచ్చే నెల మా మండలంలో న్యాయ విజ్ఞాన సదస్సు ఉంది. పారాలీగల్ వలంటీర్లకు పీటా చట్టం (వ్యభిచార వృత్తికి సంబంధించిన అనైతిక రవాణా నిరోధక చట్టం) గురించి గంటసేపు చెప్పాలి. నోట్సు రాయడానికి కూర్చుంటే ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారు. వాట్సాప్‌లో తిరిగేదేమో "సుప్రీంకోర్టు ఈ వృత్తిని చట్టబద్ధం చేసేసింది, ఇక పోలీసులు దాడులు చేయకూడదు" అని. స్టేషన్లో అడిగితే "చట్టం ఎక్కడిదక్కడే ఉంది, మారిందేమీ లేదు" అంటున్నారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు కదా.

నాకు కావలసినవి ఇవి. 2022 మే 19 నాటి ఉత్తర్వులో కచ్చితంగా ఏముంది? అసలు ఈ చట్టమే రాజ్యాంగ విరుద్ధమని ఇన్నేళ్లలో ఎవరూ కోర్టుకు వెళ్లలేదా, వెళ్తే ఏమైంది? దాడిలో దొరికిన మేజర్ స్త్రీని రక్షణ గృహంలో (హోమ్‌లో) ఎన్నాళ్లు ఉంచవచ్చు? విటుడి మీద కేసు నిలుస్తుందా? అభిప్రాయాలు చెప్పినా ఫర్వాలేదు, కానీ సెక్షన్ నంబరుతో చెప్పండి.

కోర్టుహాలు:

తులసివనం గారూ, మొదటి ప్రశ్నతో మొదలుపెడతాను. గందరగోళమంతా అక్కడే పుట్టింది.

ఈ కేసు మొదట చట్టాన్ని సవాలు చేసిన కేసే కాదు. 1999లో కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్‌ను కొట్టి చంపిన మనిషి వేసుకున్న అప్పీలు. 2011 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అతని శిక్షను ఖాయం చేసి, ఆ స్త్రీల బతుకుల గురించి ఏమైనా చేయాలని తనంతట తానే దాన్ని ప్రజాప్రయోజన వ్యాజ్యంగా మార్చింది. అదే ఏడాది జులైలో సీనియర్ న్యాయవాది ప్రదీప్ ఘోష్ అధ్యక్షతన ఒక ప్యానెల్ వేసింది. సెక్స్ వర్కర్ల సంఘమైన కోల్‌కతా దర్బార్ మహిళా సమన్వయ కమిటీ కూడా అందులో సభ్యురాలే. ప్యానెల్‌కు మూడు పనులు అప్పగించారు. అక్రమ రవాణా అరికట్టడం, మానేయాలనుకునేవారికి పునరావాసం, కొనసాగాలనుకునేవారు గౌరవంగా పని చేసుకునే పరిస్థితులు. ఈ మూడోదాని మీద కేంద్రం అభ్యంతరం చెప్పడంతో 2012 జులైలో దాన్ని "21వ అధికరణం ప్రకారం గౌరవంగా జీవించే పరిస్థితులు" అని మార్చారు. "పని చేసుకోవడం" పోయి "జీవించడం" వచ్చింది. ఈ ఒక్క మాట మార్పు మీ వలంటీర్లకు తప్పక చెప్పండి, తర్వాత జరిగినదంతా దీని మీదే నడిచింది.

ప్యానెల్ 2016లో నివేదిక ఇచ్చింది. కేంద్రం చట్టం తెస్తామంటూ వచ్చింది, తేలేదు. చివరికి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ గవాయ్, జస్టిస్ బోపన్నల ధర్మాసనం, సంపూర్ణ న్యాయం కోసం సుప్రీంకోర్టుకు ప్రత్యేకాధికారమిచ్చే 142వ అధికరణం కింద, పార్లమెంటు చట్టం చేసేదాకా అమల్లో ఉండేలా ఆదేశాలిచ్చింది. ప్యానెల్ చేసిన సిఫారసులు పది. అందులో ఆరింటికి కేంద్రం ఒప్పుకుంది, నాలుగింటికి ఒప్పుకోలేదు. కోర్టు అమలు చేయమన్నది ఆ ఆరింటినే.

అమలు చేయమన్నవి: లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు మిగతా బాధితులకు ఉండే వైద్య సాయమంతా వెంటనే అందాలి (నేర విచారణ విధానం చెప్పే అప్పటి సీఆర్‌పీసీ 357సి, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 397). హోమ్‌లలో ఇష్టం లేకుండా ఉన్న మేజర్ స్త్రీలు ఎందరో రాష్ట్రాలు సర్వే చేసి, గడువు పెట్టుకుని విడుదల చూడాలి. పోలీసులు తిట్టకూడదు, కొట్టకూడదు, బలవంతం చేయకూడదు. దాడి, అరెస్టు వార్తల్లో వాళ్ల ఫొటోలు, పేర్లు బయటపడకూడదు. కండోమ్‌లు దగ్గర ఉండటాన్ని నేరంగా గానీ, నేరానికి సాక్ష్యంగా గానీ చూడకూడదు. న్యాయసేవాధికార సంస్థలు వాళ్ల హక్కుల మీద శిబిరాలు పెట్టాలి. మీ సదస్సుకు ఆధారం ఈ చివరిదే అనుకోవచ్చు. వీటితోపాటు ఆధార్: జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) గెజిటెడ్ అధికారి గానీ, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ ఇచ్చే నిర్ణీత పత్రంతో, చిరునామా రుజువు అడగకుండా కార్డు ఇవ్వాలి. ఎన్‌రోల్‌మెంట్ నంబరులో వాళ్లను గుర్తుపట్టే ఏ కోడూ ఉండకూడదు.

అమలు చేయమనకుండా పక్కన పెట్టినవి: మేజర్, తన ఇష్టంతోనే ఉంది అని తేలితే పోలీసులు జోక్యం చేసుకోవద్దన్నది. వ్యభిచార గృహం మీద దాడి చేసినప్పుడు నిర్వాహకుల్నే పట్టుకోవాలి తప్ప ఆ స్త్రీలను అరెస్టు చేయడం, జరిమానా వేయడం, వేధించడం కూడదన్నది. విధానాల తయారీలో వాళ్లను భాగస్వాముల్ని చేయాలన్నది. తల్లి వృత్తి కారణంగా బిడ్డను వేరు చేయకూడదన్నది. వీటి మీద ఆరు వారాల్లో జవాబు చెప్పమని కేంద్రాన్ని అడిగారు, అంతే.

వాట్సాప్‌లో తిరిగేది ఈ పక్కన పెట్టిన నాలుగులోని మొదటి రెండే! ప్యానెల్ సిఫారసును కోర్టు ఉత్తర్వులో ఉటంకించారు కాబట్టి, అది ఉత్తర్వే అనుకుని మరుసటి రోజు పేపర్లు వేసేశాయి. అలాగని "ఏమీ మారలేదు" అన్న స్టేషన్ మాట కూడా తప్పే. పంచనామాలో "ఫలానా మంచం కింద 6 కండోమ్ ప్యాకెట్లు స్వాధీనం" అని ఇవాళ రాస్తే అది నేరుగా ఉత్తర్వు ఉల్లంఘన.

గోదారిగట్టు:

రెండో ప్రశ్నకు జవాబు. సవాలు చేసినవాళ్లు లేకేం, చట్టం అమల్లోకి వచ్చిన రోజు నుంచే ఉన్నారు.

చట్టం 1956లో చేశారు, 1958 మే 1 నుంచి అమలు. 1950లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మనం సంతకం పెట్టాం కాబట్టి చేయాల్సి వచ్చిన చట్టం. అప్పటి పేరు స్త్రీలు, బాలికల వ్యభిచార నిరోధక చట్టం. 1986 సవరణతో ఇప్పటి పేరు వచ్చింది. సరిగ్గా 1958 మే 1నే అలహాబాద్ హైకోర్టులో ఒక స్త్రీ పిటిషన్ వేసింది. ఇది నా వృత్తి, 19(1)(జి) కింద నా హక్కు అని. ఆమె హక్కుకు ఇంకా భంగం కలగలేదు కదా, తొందరపడి వచ్చింది అని కొట్టేశారు.

అసలు దెబ్బ తగిలింది సెక్షన్ 20 కేసులో. ఆ సెక్షన్ ప్రకారం ఒక స్త్రీ ఈ వృత్తిలో ఉందని మేజిస్ట్రేట్‌కు సమాచారం వస్తే, నోటీసు ఇచ్చి విచారించి, ఊరు విడిచి పొమ్మనవచ్చు. మళ్లీ అనుమతి లేకుండా రాకూడదు. నేరం రుజువు కానక్కర్లేదు! కాన్పూర్‌లో కొందరు స్త్రీలకు ఇలా నోటీసులిచ్చారు. అలహాబాద్ హైకోర్టు ఆ సెక్షన్ చెల్లదంది. సుప్రీంకోర్టు తిప్పేసింది, చెల్లుతుందంది. 1964 రిపోర్టుల్లో ఉంటుంది. తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు గారే. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా తాకలేదని గోలక్‌నాథ్ కేసులో తేల్చిన ఆయన, ఇక్కడ మాత్రం వృత్తిలో ఉన్న స్త్రీ, లేని స్త్రీ వేరు వేరు తరగతులు, కాబట్టి సమానత్వ హక్కుకు భంగం లేదు, ప్రజాహితం కోసం కదలికల మీద ఆంక్షలు సమంజసమే అన్నారు. ఆయన మీద ఎంతో గౌరవం ఉన్నా ఈ తీర్పు నాకు మింగుడుపడదు. దాన్ని ఇంతవరకూ ఎవరూ తిరగరాయలేదు, నేటికీ అదే చట్టం.

2004లో గుజరాత్ హైకోర్టులో సూరత్ చక్లా బజార్ కేసు. పోలీసులు ఆ వీధినంతా మూయించారు. స్త్రీల సంఘం జీవనోపాధి, ఏకాంతం, సమానత్వం మూడూ కలిపి చట్టం మీదికి వెళ్లింది. ఓడిపోయింది.

ఎందుకు ఓడిపోతున్నారంటే నాకు కనిపించే కారణం ఒకటే. చట్టం మొత్తాన్నీ ఒకేసారి సవాలు చేస్తున్నారు. మొత్తం కొట్టేయమంటే పిల్లల్ని అమ్మేవాడి మీద పెట్టే సెక్షన్ 5, బంధించి ఉంచేవాడి మీద పెట్టే సెక్షన్ 6 కూడా పోవాలి. అది ఏ జడ్జీ చేయడు. విడివిడిగా చూస్తే బలహీనమైన చోట్లు వేరే ఉన్నాయి.

సెక్షన్ 2(ఎ) చూడండి. ఒక స్త్రీ తన గదిలో ఒంటరిగా, తన కోసమే చేసుకుంటే అది వ్యభిచార గృహం కాదు. ఇద్దరు స్త్రీలు భయం లేకుండా ఉండటానికి ఒకే గది అద్దెకు తీసుకుని ఖర్చు పంచుకుంటే "ఇద్దరి పరస్పర లాభం" కిందికి వచ్చి గృహం అయిపోతుంది. అప్పుడు సెక్షన్ 3 కింద ఇద్దరూ నిర్వాహకులే, మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్లు. ఇల్లు ఇచ్చినవాళ్లకు రెండేళ్ల దాకా. అంటే జాగ్రత్త పడినవాళ్లే నేరస్తులవుతున్నారు.

సెక్షన్ 4 ఇంకా దారుణం. ఆ సంపాదన మీద తెలిసి బతికే 18 ఏళ్లు దాటిన ఎవరికైనా రెండేళ్ల దాకా శిక్ష. తార్పుడుగాళ్ల కోసం రాసిన సెక్షన్ అది. కానీ రాసిన తీరుకు ఆమె దగ్గర ఉండే ముసలి తల్లి, కాలేజీలో చదివే 19 ఏళ్ల కొడుకు కూడా వస్తారు. పైగా 4(2) ప్రకారం ఆమెతో కలిసి ఉంటున్నట్టు తేలితే చాలు, ఆ సంపాదన మీదే బతుకుతున్నట్టు కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆ కొడుకే.

2017లో పుట్టస్వామి తీర్పు ఏకాంతాన్ని ప్రాథమిక హక్కు చేసింది. 2018లో స్వలింగ సంబంధాల సెక్షన్ 377 కేసు, వివాహేతర సంబంధాల సెక్షన్ 497 కేసు వచ్చాయి. మెజారిటీ నైతికత వేరు, రాజ్యాంగ నైతికత వేరు అని సుప్రీంకోర్టే చెప్పింది. అంతకు ముందు 2007లో, స్త్రీలెవరూ బార్లలో పనిచేయకూడదన్న పాత పంజాబ్ ఎక్సైజ్ నిబంధనను కొట్టేస్తూ, రక్షణ పేరుతో స్త్రీ స్వేచ్ఛను కోసేసే చట్టాల్ని గట్టిగా పరీక్షించాలని చెప్పింది. ఈ నాలుగింటి వెలుగులో సెక్షన్ 20, సెక్షన్ 4లోని కుటుంబ భాగం, 2(ఎ)లోని "పరస్పర లాభం" నిలబడవనే నా నమ్మకం. పార్లమెంటుకు కూడా ఇది తెలియనిది కాదు. సెక్షన్ 8 (బహిరంగంగా విటుల్ని పిలవడం నేరమనేది), సెక్షన్ 20 తీసేయాలని 2006లోనే ప్రభుత్వం బిల్లు పెట్టింది. అది మురిగిపోయింది.

పొద్దుతిరుగుడు:

గోదారిగట్టు గారి చరిత్ర సరిగానే ఉంది. అయితే కేంద్రం ఆ నాలుగు సిఫారసుల మీద ఎందుకు అభ్యంతరం చెప్పిందో కూడా చెప్పకపోతే బొమ్మ సగమే.

"మేజర్, ఇష్టంతోనే ఉంది అని తేలితే జోక్యం వద్దు" అన్నారు. తేల్చేది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ? దాడి జరిగిన గదిలో, నిర్వాహకురాలు పక్కన నిలబడి ఉండగా, పోలీసు అడిగితే ఏ అమ్మాయైనా "నా ఇష్టంతోనే" అంటుంది. అప్పు కట్టాలని, ఊళ్లో పిల్లలున్నారని, మళ్లీ అదే గదికి రావాల్సి వస్తుందని. 2018లో యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు చిన్నపిల్లల్ని బయటికి తీసినప్పుడు, వయసు ఎక్కువ కనిపించడానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చినట్టు పోలీసులే చెప్పారు. చూపుతో వయసు తేల్చలేమని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94లో క్రమం ఉంది: ముందు స్కూలు లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష, అదీ ఆదేశం ఇచ్చిన 15 రోజుల్లో. ఎముకల పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చు. అంటే 17 ఏళ్ల పిల్ల 19 అని రిపోర్టు రావడం అసాధ్యం కాదు. దాడి రోజు రాత్రే "మేజర్, వదిలేయండి" అంటే ఆ పిల్ల తిరిగి ఎక్కడికి వెళ్తుంది?

హైదరాబాద్ ప్రజ్వల సంస్థ 2004లోనే సుప్రీంకోర్టుకు వెళ్లి బాధితుల రక్షణకు ఒక విధానం అడిగింది. 2015 డిసెంబరులో కేంద్రం వ్యవస్థీకృత నేరాల దర్యాప్తు సంస్థ పెడతామని మాటిచ్చింది. ఆ సంస్థ రాలేదు. 2019లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చట్టం సవరించి మనుషుల అక్రమ రవాణాను దాని పరిధిలో చేర్చారు. 2018లో లోక్‌సభ ఆమోదించిన అక్రమ రవాణా బిల్లు కూడా మురిగిపోయింది. కాబట్టి ఉన్న ఆ ఒక్క పాత చట్టాన్నీ ముక్కలు చేస్తే ఆ పిల్లలకు మిగిలేదేమిటో కూడా ఆలోచించాలి.

కోర్టుహాలు:

పొద్దుతిరుగుడు గారూ, దాడి జరిగిన గదిలో తేల్చకూడదన్న మాట వంద శాతం ఒప్పుకుంటాను. కానీ తేల్చడానికి చట్టంలోనే చోటుంది, అది సెక్షన్ 17. అక్కడ సరిగా తేల్చకపోవడమే సమస్య. తులసివనం గారి మూడో ప్రశ్న కూడా ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

దాడి తర్వాత ముందు చూడాల్సింది ఎఫ్‌ఐఆర్‌లో ఆమె పేరు ఏ కాలమ్‌లో ఉంది అని. ఏ-3, ఏ-4 అని నిందితుల వరుసలో ఉంటే సెక్షన్ 7 (గుడి, బడి లాంటి బహిరంగ స్థలాల దగ్గర చేయడం) గానీ 8 గానీ పెట్టి ఉంటారు. బాధితురాలు లేదా సాక్షి అని ఉంటే సెక్షన్ 17. కొన్నిసార్లు ఎఫ్‌ఐఆర్‌లో నిందితురాలు, రిమాండ్ రిపోర్టులో బాధితురాలు అని రాసి ఉంటుంది. అది మొదటి రోజే మేజిస్ట్రేట్ దృష్టికి తేవాలి.

సెక్షన్ 17 కింద సంబంధిత మేజిస్ట్రేట్ ముందు వెంటనే హాజరుపరచలేకపోతే దగ్గర్లోని మేజిస్ట్రేట్ ఆదేశంతో ఉంచవచ్చు, గరిష్ఠం 10 రోజులు. తర్వాత మేజిస్ట్రేట్ 17(2) కింద విచారణ మొదలుపెడతారు: వయసు, స్వభావం, ఎలా వచ్చింది, ఇంటికి పంపితే క్షేమమేనా. ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుంటారు. 17(5) కింద ఐదుగురితో ప్యానెల్ సాయం తీసుకోవచ్చు, వీలైతే అందులో ముగ్గురు స్త్రీలు ఉండాలి. ఈ విచారణ నడిచేటప్పుడు తాత్కాలిక కస్టడీ మూడు వారాలకు మించకూడదు. చాలా కేసులు చెడేది ఇక్కడే. 21 రోజులు దాటినా తుది ఆదేశం రాదు, "రిపోర్టు రాలేదు" అని వాయిదా పడుతుంది, ఆమె మాత్రం హోమ్‌లోనే ఉంటుంది. 22వ రోజు నుంచి ఆ నిర్బంధానికి ఆధారం ఏ సెక్షన్ అని రాతపూర్వకంగా అడగండి.

విచారణ అయ్యాక "సంరక్షణ అవసరం" అని తేలితేనే 17(4) కింద ఏడాది నుంచి మూడేళ్ల దాకా హోమ్‌లో ఉంచే ఆదేశం ఇవ్వవచ్చు. ఈ వృత్తిలో దొరికింది కాబట్టి సంరక్షణ అవసరం అనేసుకోకూడదు. 2020 సెప్టెంబరు 24న బొంబాయి హైకోర్టు ఇదే చెప్పింది. ముంబైలో దొరికిన ముగ్గురు మేజర్ స్త్రీలను, వాళ్ల కులంలో ఈ వృత్తి ఆచారం కాబట్టి ఇంటికి పంపలేమంటూ, ఏడాదిపాటు ఉత్తరప్రదేశ్‌లోని హోమ్‌కు పంపమని మేజిస్ట్రేట్ ఆదేశించాడు. సెషన్స్ కోర్టు సమర్థించింది. హైకోర్టు కొట్టేసింది: ఈ చట్టంలో వృత్తి నేరమని ఎక్కడా లేదు, మేజర్ స్త్రీకి తనకు నచ్చిన చోట ఉండే హక్కు ఉంది, ఇష్టానికి విరుద్ధంగా ఉంచరాదు అని. వేరే రాష్ట్రపు తీర్పే అయినా మన కోర్టుల్లో ఉటంకించండి.

అప్పీలు 17(6) కింద సెషన్స్ కోర్టుకు. అది తుది నిర్ణయం అని సెక్షన్ అంటుంది, ఆ తర్వాత దారి హైకోర్టే. ఇంకో మాట: కొన్ని హోమ్‌లు "తండ్రో భర్తో వచ్చి సంతకం పెడితేనే పంపుతాం" అంటాయి. 18 దాటిన స్త్రీకి అలాంటి షరతు చట్టంలో లేదు. 17ఎ చెప్పేది తల్లిదండ్రులకో సంరక్షకులకో అప్పగించే సందర్భంలో వాళ్ల యోగ్యత విచారించమని. ఆమెను అసలెవరికీ అప్పగించనక్కర్లేదు. స్టాంపు పేపరు కోసం పరుగెత్తనక్కర్లేదు, ఆమె సొంత మాటల్లో ఒక దరఖాస్తు చాలు: నా వయసు ఇంత, ఫలానా చోట ఉంటాను, హోమ్‌లో ఉండటం నాకు ఇష్టం లేదు. ఆ వాంగ్మూలం తీసుకునేటప్పుడు నిర్వాహకుల తరఫు లాయరు గదిలో లేకుండా చూడమని అడగండి. పొద్దుతిరుగుడు గారి భయానికి నిజమైన మందు ఇదే. ఒకే లాయరు నిర్వాహకురాలికీ, "బాధితురాలికీ" వకాల్తా వేస్తే వెంటనే అభ్యంతరం చెప్పాలి. లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 కింద స్త్రీకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది వస్తారు. జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) హెల్ప్‌లైన్ 15100.

తులసివనం:

కోర్టుహాలు గారూ, ఇది చాలా పనికొచ్చింది. దాడే సరిగా జరగలేదనుకోండి, కేసు అక్కడే పోతుందా? విటుడి ప్రశ్న కూడా మిగిలింది.

కోర్టుహాలు:

దాడి లోపాలు రెండు రకాలు. కొన్ని కేసును పడగొడతాయి, కొన్ని పడగొట్టవు. ఇది తెలియక డిఫెన్స్ వాళ్లు తప్పుడు చోట వాదిస్తారు.

సెక్షన్ 13 ప్రకారం దర్యాప్తు చేయవలసింది ప్రభుత్వం నియమించిన ప్రత్యేక పోలీసు అధికారి, ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గకూడదు. ఎస్‌ఐ దాడి చేసి, ఆయనే వాంగ్మూలాలు రాసి, ఆయనే చార్జిషీటు వేస్తే అది గట్టి లోపం. ప్రత్యేక అధికారి తప్ప వేరేవాళ్లు దర్యాప్తు చేయలేరని సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే తేల్చింది. కాబట్టి నియామకం జీవో కాపీ అడగండి, దాంట్లో ఆ సర్కిల్, ఆ హోదా ఉన్నాయా చూడండి.

సెక్షన్ 15 వేరు. వారెంటు లేకుండా సోదా చేస్తే ముందే కారణాలు రాసుకోవాలి. స్థానికుల్లో కనీసం ఇద్దరు మధ్యవర్తులు ఉండాలి, అందులో ఒకరైనా స్త్రీ. కనీసం ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. ప్రశ్నించేది మహిళా పోలీసు అధికారే. వీటిలో లోపం ఉన్నంత మాత్రాన విచారణ మొత్తం చెల్లకుండా పోదని, నిందితులకు నష్టం జరిగిందా అని చూడాలని 1960ల చివర్లో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే "స్త్రీ మధ్యవర్తి లేదు" అన్న ఒక్క మాట మీద ఆగిపోకూడదు. ఆ పంచనామా ఎంత నమ్మదగ్గదో చూపించాలి. మధ్యవర్తులిద్దరూ వీఆర్‌ఓలే, వేరే మండలం వాళ్లే అయితే అది అడగాలి. డెకాయ్‌కు (పోలీసులే విటుడిలా పంపిన మనిషికి) ఇచ్చిన నోట్ల నంబర్లు ముందే రాశారా, అవే నంబర్లు నిర్వాహకురాలి దగ్గర దొరికాయా అన్నది కలిపి చూడాలి.

సెక్షన్ 7 అయితే అసలు కీలకం దూరం. గుడి, మసీదు, చర్చి, బడి, హాస్టల్, ఆసుపత్రి నుంచి 200 మీటర్ల లోపు అని చట్టం. ఎఫ్‌ఐఆర్‌లో "జనసంచార ప్రాంతం" అని రాసి వదిలేస్తే చాలదు. ఏ గుడి, ఎన్ని మీటర్లు, ఎవరు కొలిచారు, రఫ్ స్కెచ్‌లో ఉందా? లేదంటే ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతమైనా కావాలి. మన పట్టణాల్లో 200 మీటర్లకు ఒక గుడో బడో లేని వీధి దొరకదు, అంటే ఈ సెక్షన్ దాదాపు ఊరంతటికీ వర్తిస్తుంది. సెక్షన్ 20 తర్వాత సవాలు చేయాల్సింది ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

విటుడి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రోజుల నుంచీ విటుడి మీద 3, 4, 5 సెక్షన్లు పెట్టిన కేసులు క్వాష్ అవుతూ (హైకోర్టు కొట్టేస్తూ) వచ్చాయి. అతను గృహం నడపడు, సంపాదన మీద బతకడు, ఎవరినీ తేడు అని. అప్పుడు సీఆర్‌పీసీ 482, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద పిటిషన్. కానీ రెండు చోట్ల అతను తప్పించుకోలేడు. సెక్షన్ 7లో "ఎవరితో జరుగుతుందో ఆ వ్యక్తి" అని స్పష్టంగా ఉంది, మూడు నెలల దాకా శిక్ష. రెండోది, ఆమెను అక్రమంగా తరలించారని తెలిసీ లేదా అనుకోవడానికి కారణం ఉండీ వెళ్తే పాత ఐపీసీ 370ఎ, ఇప్పుడు బీఎన్‌ఎస్ 144. మేజర్ అయితే మూడు నుంచి ఏడేళ్లు. మైనర్ అయితే పోక్సో ఎటూ ఉంటుంది. ఇక 2025లో కేరళ హైకోర్టు ఇంకో దారి పట్టింది. మనిషి సరుకు కాదు కాబట్టి వచ్చినవాడిని కస్టమర్ అనలేం, డబ్బిచ్చి ఆమెను ఆ పని చేయించినవాడే, సెక్షన్ 5(1)(డి) వర్తిస్తుంది అంది. మన హైకోర్టుల వైఖరికి ఇది ఎదురు. సుప్రీంకోర్టు తేల్చేదాకా రాష్ట్రానికో మాట.

నిశాంత:

టొరంటో నుంచి. ఇక్కడి కేసు మీ చర్చకు దగ్గరగా ఉంది. 2013 డిసెంబరు 20న కెనడా సుప్రీంకోర్టు బెడ్‌ఫర్డ్ కేసులో తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా మూడు నిబంధనలు కొట్టేశారు: గృహం నడపడం, సంపాదన మీద బతకడం, బహిరంగంగా బేరం మాట్లాడటం. గోదారిగట్టు గారు చెప్పిన 2(ఎ), 4లకు అవి తోబుట్టువులే. గెలిచిన వాదన వృత్తి హక్కు కాదు. ఆ పని చట్టబద్ధమే అయినప్పుడు, దాన్ని సురక్షితంగా చేసుకునే దారులన్నీ చట్టమే మూసేసి ప్రాణాపాయం పెంచుతోంది అన్నది. వాంకూవర్‌లో "గ్రాండ్మాస్ హౌస్" అనే సురక్షిత గృహం మూతపడటాన్ని కోర్టు ఉదాహరణగా తీసుకుంది. అప్పుడే అక్కడ ఒక హంతకుడు ఆ వీధుల్లోని స్త్రీలను చంపుతున్నాడన్న అనుమానాలున్నాయి. కారులో కూర్చునే ముందు మనిషిని నాలుగు మాటలతో అంచనా వేసుకునే అవకాశం కూడా చట్టం తీసేసిందని అన్నారు.

కోర్టు ఏడాది గడువిచ్చింది. 2014 డిసెంబరులో ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. కొనడం నేరం, తన సేవను తాను అమ్ముకునే స్త్రీకి శిక్ష మినహాయింపు. స్వీడన్ 1999లో మొదలుపెట్టిన పద్ధతే ఇది. దాని మీద మళ్లీ కేసులు. 2025 జులైలో ఇక్కడి సుప్రీంకోర్టు, తార్చడం, ఇతరుల సేవల నుంచి ఆర్థిక లాభం పొందడం మీద ఉన్న నిబంధనల్ని సమర్థించింది. ఆ కొత్త చట్టంలో కుటుంబ సభ్యులకు, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు, మామూలు ధరకు పని చేసే డ్రైవరు లాంటివాళ్లకు మినహాయింపులు స్పష్టంగా రాశారు. మీ సెక్షన్ 4లో లేనిది సరిగ్గా ఆ మినహాయింపులే.

ఐరోపాలో ఫ్రాన్స్ 2016 చట్టం మీద 261 మంది మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2024 జులైలో ఓడిపోయారు. కొనడాన్ని నేరం చేయడం ఏకాంత హక్కును ఉల్లంఘించదంది. కాబట్టి విదేశీ తీర్పులు ఒకే వైపు ఉన్నాయని ఎవరూ అనుకోకండి.

పొద్దుతిరుగుడు:

నిశాంత గారూ, ఆ మినహాయింపుల మాట బాగుంది. సెక్షన్ 4లో తల్లి, పిల్లలు, తోబుట్టువులకు మినహాయింపు రాయడానికి నాకెలాంటి అభ్యంతరమూ లేదు. 19 ఏళ్ల కొడుకు మీద కేసు పెడితే ఏ అక్రమ రవాణా ఆగుతుంది? సెక్షన్ 20 కూడా పోవాలి. ఊరు విడిచి పొమ్మన్న స్త్రీ ఇంకో ఊళ్లో ఇంకో నిర్వాహకుడి చేతిలో పడుతుంది తప్ప బాగుపడదు. 2(ఎ) దగ్గరే నాకు భయం. "ఇద్దరి పరస్పర లాభం" తీసేస్తే ప్రతి నిర్వాహకురాలూ "నేనూ వాళ్లలో ఒకదాన్నే, ఖర్చు పంచుకుంటున్నాం" అంటుంది. అద్దె ఎవరి పేరున ఉంది, యూపీఐలో డబ్బు ఎవరి ఖాతాకు వస్తోంది, బయటికి వెళ్లే స్వేచ్ఛ ఉందా అన్న గుర్తులు చట్టంలో రాస్తే తప్ప ఒప్పుకోలేను.

గోదారిగట్టు:

ఆ గుర్తులు రాయాలన్నది న్యాయమైన షరతే. మనిద్దరికీ తేడా అనుకున్నదానికంటే తక్కువే ఉంది. ఒక్కటి చేరుస్తాను: నిర్వాహకుల మీద మన రెండు రాష్ట్రాల్లోనూ 1986 నాటి పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కూడా వాడుతున్నారు. "అనైతిక రవాణా నేరస్తుడు" అని అందులో వేరే నిర్వచనమే ఉంది, విచారణ లేకుండా ఏడాది దాకా జైలు. తెలంగాణలో ఈ చట్టాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023లో గట్టిగానే మందలించింది. పీటా కేసులో సాక్ష్యం సరిగా కూర్చకుండా పీడీ పెట్టేస్తే, ఏడాది తర్వాత నిర్వాహకుడు బయటికొస్తాడు, అసలు కేసు కొట్టేస్తారు.

తులసివనం:

అందరికీ కృతజ్ఞతలు. గంటలో ఇవన్నీ చెప్పలేను. 2022 ఉత్తర్వులో అమలు చేయమన్నవి, అనకుండా వదిలినవి రెండు వరుసలుగా ఒక కాగితం, సెక్షన్ 17 తేదీల లెక్క (10 రోజులు, 21 రోజులు, అప్పీలు) ఇంకో కాగితం చేసి పంచుతాను. ఎఫ్‌ఐఆర్ కాపీ ఆమెకు ఇవ్వమంటే స్టేషన్లో ఇవ్వరు, ఏం చేయాలి?

కోర్టుహాలు:

నిందితురాలైతే కాపీ హక్కే. పోలీసు వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి గానీ, లైంగిక నేరాల ఎఫ్‌ఐఆర్‌లను సున్నితమైనవని అప్‌లోడ్ చేయరు. బాధితురాలైతే, హాజరుపరిచిన రోజే మేజిస్ట్రేట్ కోర్టులో కాపీ దరఖాస్తు వేయించండి, ఎఫ్‌ఐఆర్‌తోపాటు మధ్యవర్తుల నివేదిక, సెక్షన్ 15 కింద రాసుకున్న కారణాల కాగితం కూడా అడగండి. మూడోది చాలా ఫైళ్లలో ఉండదు. ఆ తేదీకే "జతపరచలేదు" అని కోర్టు ఆఫీసు చేత రాయించుకోండి, తర్వాత పుట్టించడానికి వీలుండదు.